మార్గరెట్ కజిన్స్: మదనపల్లెకు వచ్చిన పియానో ఉపాధ్యాయిని

పలమనేరు నుంచి పుంగనూరు మీదుగా మదనపల్లె వెళ్ళే విద్యార్థికి ఆ ఊరి గురించి ఎవరో ఒకరు తప్పకుండా చెప్పే మాట ఒకటుంది: "మన జాతీయ గీతానికి బాణీ కట్టింది ఇక్కడే. కట్టింది ఒక ఇంగ్లీషు దొరసాని." సభల్లో వక్తలు ఈ మాట చెబుతారు. పోటీ పరీక్షల గైడ్లలోనూ ఇది కనబడుతుంది. ఇందులో రెండు పొరపాట్లున్నాయి. ఆమె ఇంగ్లండు మనిషి కాదు, ఐర్లండు మనిషి. ఇంగ్లీషు ప్రభుత్వం చేతిలో జైలుకు వెళ్ళిన ఆమెకు ఆ తేడా చిన్నది కాదు. ఇక రెండోది, ఆమె బాణీ కట్టలేదు. రవీంద్రనాథ్ ఠాగూర్ పాడి వినిపించిన బాణీని స్వరలిపిలో రాసిపెట్టారు.

సాహిత్యం రాయడం ఒక పని. ఆ సాహిత్యానికి బాణీ కట్టడం మరో పని. ఉన్న బాణీని విని, దాన్ని కాగితం మీద పెట్టడం మూడో పని. దీన్నే స్వరలేఖనం అంటాం. మన వాగ్గేయకార సంప్రదాయంలో మొదటి రెండు పనులూ ఒక్కరే చేస్తారు, మూడోది శిష్యులు చేస్తారు. ఆ మూడో పని చేసినవాళ్ళ పేర్లు మనకు గుర్తుండవు. అందుకే కాబోలు, మార్గరెట్ కజిన్స్‌ను గౌరవించాలనుకున్నవాళ్ళు ఆమెను మూడో పని నుంచి రెండో పనికి ఎక్కించేశారు. ఈ పాఠంలో ఆమె సంగీత విద్య ఎలాంటిదో, స్వరలేఖనం అంటే ఏమిటో, మదనపల్లెలో జరిగిందేమిటో వరుసగా చూద్దాం. మూడో పని ఎంత కష్టమైనదో తెలిస్తే, ఆమెకు లేని ఘనతను అంటగట్టవలసిన అవసరం మనకు ఉండదు.

బాయిల్ నుంచి డబ్లిన్

మార్గరెట్ ఎలిజబెత్ గిలెస్పీ 1878 నవంబరు 7న ఐర్లండు పశ్చిమ భాగంలోని రాస్కామన్ కౌంటీలో, బాయిల్ అనే చిన్న పట్టణంలో పుట్టారు. మెథడిస్టు క్రైస్తవ కుటుంబం, ఇంటినిండా పిల్లలు. ఆమె పెద్దకూతురు. స్కాలర్‌షిప్పు మీద డెర్రీలోని బాలికల పాఠశాలలో చదివి, ఆ తరవాత డబ్లిన్‌లోని రాయల్ ఐరిష్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో చేరారు. 1902లో రాయల్ యూనివర్సిటీ ఆఫ్ ఐర్లండ్ నుంచి సంగీతంలో పట్టా పుచ్చుకున్నారు.

ఈ రాయల్ యూనివర్సిటీ గురించి దూరవిద్యలో చదువుతున్న మీరు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. 1880లో ఏర్పడిన ఈ విశ్వవిద్యాలయం తరగతులు నడిపేది కాదు. లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో పరీక్షలు పెట్టి పట్టాలు ఇచ్చేది. వైద్యం వంటి చదువులను మినహాయిస్తే, అభ్యర్థి ఎక్కడ చదివాడు, ఎవరి దగ్గర చదివాడు అని అడిగేది కాదు. ఇంట్లో చదువుకున్నా సరే, పరీక్షలో నెగ్గితే చాలు. కళాశాలల తలుపులు ఆడవాళ్ళకు మూసి ఉన్న కాలంలో ఈ పద్ధతి వాళ్ళకు పెద్ద ఆసరా అయింది. 1884లో ఈ విశ్వవిద్యాలయం తొమ్మిదిమంది స్త్రీలకు పట్టాలు ఇచ్చింది. ఐర్లండులో స్త్రీలు పట్టభద్రులు కావడం అదే మొదలు. మార్గరెట్ ఆ దారిలోనే వచ్చారు. పరీక్ష రాసి పట్టా తెచ్చుకోవడం తక్కువరకం చదువేమోనని మొహమాటపడే మన విద్యార్థులు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే మంచిది.

సంగీతంలో పట్టా అంటే పియానో బాగా వాయించడం ఒక్కటే కాదు. ఒకేసారి మోగే స్వరాలు ఒకదానితో ఒకటి ఎలా పొసగాలి, ఒక బాణీకి తోడుగా మరో బాణీ ఎలా నడవాలి అనే శాస్త్రాన్ని కాగితం మీద సాధన చెయ్యాలి. విన్నదాన్ని రాయగలగాలి. రాసినదాన్ని వాయిద్యం లేకుండా మనసులో వినగలగాలి. తరవాతి కాలంలో మదనపల్లెలో అక్కరకు వచ్చింది ఈ నైపుణ్యమే.

కచేరీ వేదిక వదిలిన చేతులు

అప్పట్లో యూరప్‌లో పియానో నేర్చిన యువతికి ముందున్న దారులు కొద్ది. క్లారా షూమన్ (1819-1896) లాంటివాళ్ళు దేశదేశాల్లో కచేరీలు చేసి పేరు తెచ్చుకున్నారు. అంతటి క్లారా కూడా 1878 నుంచి ఫ్రాంక్‌ఫర్టులో అధ్యాపకురాలిగా పనిచేశారు. మిగిలినవాళ్ళలో చాలామందికి జీవనాధారం పాఠాలు చెప్పడమే. మార్గరెట్ కూడా డబ్లిన్‌లో సంగీత పాఠాలు చెప్పారు. 1903లో కవి, నాటకకర్త జేమ్స్ హెన్రీ కజిన్స్‌ను పెళ్ళి చేసుకున్నారు. యేట్స్ వంటి కవులు నడిపిన ఐరిష్ సాహిత్య పునరుజ్జీవనంలో జేమ్స్ ఒకడు. 1904 వేసవిలో, ఇంకా పేరు రాని జేమ్స్ జాయిస్ ఈ దంపతుల ఇంట్లో కొద్దిరోజులు తలదాచుకున్నాడు. దంపతులిద్దరూ శాకాహారులు. ఇద్దరికీ దివ్యజ్ఞాన సమాజం మీద గురి కుదిరింది. వాళ్ళను మన దేశానికి తీసుకువచ్చింది ఆ గురే.

అంతకు ముందు ఇంకొకటి జరిగింది. 1908లో హానా షీహీ-స్కెఫింగ్టన్‌తో కలిసి మార్గరెట్ ఐరిష్ విమెన్స్ ఫ్రాంచైజ్ లీగ్ స్థాపించారు. స్త్రీలకు ఓటు హక్కు కోసం పోరాడే సంస్థ అది. 1910లో లండన్‌లో ఉద్యమకారిణులతో కలిసి నిరసన తెలిపి, హాలోవే జైలులో ఒక నెల ఉన్నారు. 1913 జనవరిలో డబ్లిన్ కోటలో ప్రభుత్వ కార్యాలయాల కిటికీ అద్దాలు పగలగొట్టినందుకు మళ్ళీ నెల శిక్ష పడింది. తులమోర్ జైలులో రాజకీయ ఖైదీలుగా గుర్తించాలని తోటివారితో కలిసి నిరాహారదీక్ష చేశారు. పియానో వాయించే మనిషి వేళ్ళను కంటికి రెప్పలా కాపాడుకుంటుంది. ఆమె ఆ చేతులతోనే రాళ్ళు విసిరారు. కచేరీ జీవితం ఆమెకు అందక పోయిందనడం కన్నా, ఆమే దాన్ని పక్కన పెట్టారనడం న్యాయమని నా అభిప్రాయం.

మదనపల్లెకు రాక

1915 చివర కజిన్స్ దంపతులు మద్రాసు చేరారు. అనీ బెసెంట్ నడిపే 'న్యూ ఇండియా' పత్రికలో జేమ్స్‌కు పని దొరికింది. మరుసటి ఏడు డబ్లిన్‌లో బ్రిటిషు పాలన మీద ఈస్టర్ తిరుగుబాటు జరిగింది. దాన్ని మెచ్చుకుంటూ జేమ్స్ వ్యాసం రాయడంతో ఆ ఉద్యోగం పోయింది. ఆ తరవాత బెసెంటే అతణ్ణి మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు పంపారు. 1915లో ఆమె స్థాపించిన ఆ కళాశాలే నేటి బి.టి. కళాశాల. జేమ్స్ అక్కడ అధ్యాపకుడై, తరవాత ప్రిన్సిపాల్ అయ్యాడు. మార్గరెట్ కూడా అక్కడ పాఠాలు చెప్పారు.

నాటి మదనపల్లె చిత్తూరు జిల్లాలో ఒక తాలూకా కేంద్రం. ఆ జిల్లా కూడా 1911లో ఏర్పడిన కొత్త జిల్లా. గట్టు మీది ఊరు కాబట్టి మద్రాసు ఎండలకు అలవాటుపడని ఐరిష్ దంపతులకు వాతావరణం నచ్చి ఉంటుంది. ఈ ఊళ్ళోనే మార్గరెట్ స్థానిక స్త్రీలను కూడగట్టి అబలాభివర్ధనీ సమాజం అనే చిన్న సంఘం పెట్టారు. పేరులో 'అబల' అన్న మాట ఇప్పుడు మనకు ఎబ్బెట్టుగా ఉంటుంది. కానీ 1917 మే నెలలో అడయారులో పుట్టిన విమెన్స్ ఇండియన్ అసోసియేషన్‌కు బీజం ఈ మదనపల్లె సంఘమే. ఒక తాలూకా ఊరిలో మొదలైన ప్రయత్నం రాజధానికి వెళ్ళింది. సాధారణంగా చరిత్ర పుస్తకాల్లో ఇది తలకిందులుగా, రాజధాని నుంచి పల్లెకు వచ్చినట్టుగా ఉంటుంది.

1919 ఫిబ్రవరి

హోంరూల్ ఉద్యమంతో ఉన్న సంబంధం వల్ల ఈ కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయం గుర్తింపు కోల్పోయింది. అడయారులో ఏర్పడిన జాతీయ విశ్వవిద్యాలయం దాన్ని చేర్చుకుంది. ఆ జాతీయ విశ్వవిద్యాలయానికి ఛాన్సలర్ ఠాగూర్. 1919 తొలి నెలల్లో ఆయన దక్షిణ దేశంలో ఊరూరా తిరిగి ఉపన్యాసాలు ఇచ్చారు. ఆ యాత్రలో అలసిన శరీరానికి విశ్రాంతి కోసం ఫిబ్రవరి చివరలో మదనపల్లెలో ఆగారు. తన విశ్వవిద్యాలయానికి చెందిన కళాశాల, అక్కడ ప్రిన్సిపాల్‌గా తెలిసిన కవి. ఆయన రాక వెనక కారణాలు ఇవి.

ఒక సాయంత్రం విద్యార్థులు, అధ్యాపకులు చేరినచోట ఠాగూర్ తన పాట 'జన గణ మన' పాడారు. వింటున్నవాళ్ళకు బెంగాలీ రాదు. అయినా ప్రతి చరణం చివరా తిరిగి వచ్చే జయకారం దగ్గరికి వచ్చేసరికి సభ గొంతు కలిపింది. ఆ తరవాత ఆయన పాటకు ఇంగ్లీషు అనువాదం చేసి, 'ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా' అని పేరుపెట్టారు. ఆయన చేతిరాతలో ఉన్న ఆ ప్రతి మీద 1919 ఫిబ్రవరి 28 తేదీ ఉంది. ఆయన పాడుతుండగా మార్గరెట్ బాణీని పాశ్చాత్య స్వరలిపిలోకి ఎక్కించారు. కళాశాల ఆ పాటను తన ప్రార్థనాగీతం చేసుకుంది. ఈ సంగతులు మనకు తెలిసేది ముఖ్యంగా జేమ్స్ తరవాత రాసినదాని వల్ల.

ఇప్పుడు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. 'జన గణ మన'ను మొదటిసారి బహిరంగంగా పాడింది 1911 డిసెంబరు 27న, కలకత్తా కాంగ్రెస్ మహాసభలో. 1912 జనవరిలో అది 'తత్త్వబోధిని పత్రిక'లో అచ్చయింది. అంటే పాట మదనపల్లె చేరడానికి ఏడేళ్ళ ముందే దాన్ని జనం పాడారు. బాణీ లేని పాటను సభలో పాడలేరు కదా! పైగా మదనపల్లెలో పాటను మార్గరెట్‌కు వినిపించింది కవే. కాబట్టి బాణీ ఠాగూర్‌దే. ఇటువంటి వాదమే కెప్టెన్ రామ్‌సింగ్ ఠాకురి పేరు మీద కూడా వినిపిస్తుంది. ఆయన ఆజాద్ హింద్ ఫౌజు కోసం 'శుభ సుఖ చైన్' అనే హిందుస్తానీ రూపాన్ని బ్యాండు సంగీతంగా తీర్చినవాడు. అక్కడా జవాబు ఇదే: 1911 ముందు వస్తుంది.

స్వరలేఖనం అనే పని

బాణీ ఠాగూర్‌ది అన్నాక మార్గరెట్ చేసింది ఏమిటి? విన్నది రాసుకోవడమేగా అనిపించవచ్చు. ఈ పనిలో ఉన్న చిక్కు తెలియాలంటే పియానో సంగతి కొంచెం తెలియాలి.

పియానో తీగవాద్యమే, కానీ దాని తీగలను మనం ముట్టుకోం. మెట్టు నొక్కితే లోపల ఉన్న చిన్న సుత్తి తీగను కొడుతుంది. 88 మెట్లు, 200కు పైగా తీగలు. వీటి బిగింపు అంతా కలిపితే టన్నుల్లో ఉంటుంది కనక లోపల ఇనుప చట్రం పెడతారు. సుత్తి తగిలిన క్షణంలో స్వరం పుడుతుంది, ఆ మరుక్షణం నుంచి తగ్గిపోతూ ఉంటుంది. ఈ మధ్యలో దాన్ని ఊపడం, సాగదీయడం, పక్క స్వరం మీదకు జార్చడం కుదరదు. అంటే గమకం పలకదు. వయొలిన్‌లో తీగ మీద వేలు జారుతుంది. బాలుస్వామి దీక్షితుల కాలం నుంచి వయొలిన్ కర్ణాటక సంగీతంలో కలిసిపోవడానికి, పియానో బయటే ఉండిపోవడానికి అసలు కారణం ఇదే.

ఇంకో చిక్కు శ్రుతిలో ఉంది. పియానోలో ఒక స్థాయిని 12 సమాన భాగాలు చేస్తారు. స్థాయి మొత్తాన్ని 1200 సెంట్లు అనుకుంటే, ఒక్కో మెట్టుకు సరిగ్గా 100. దీని ప్రకారం అంతర గాంధారం షడ్జమానికి 400 సెంట్ల ఎత్తులో ఉంటుంది. కానీ తంబురా శ్రుతిలో చెవికి హాయిగా కలిసే సహజ గాంధారం సుమారు 386 దగ్గర ఉంటుంది. 14 సెంట్ల తేడా. సామాన్య శ్రోత పట్టుకోకపోవచ్చు, తంబురా పక్కన కూర్చున్న గాయకుడు పట్టుకుంటాడు.

పాశ్చాత్య స్వరలిపి ఈ పియానో ప్రపంచంలో పెరిగిన లిపి. ఐదు అడ్డగీతల మీద చుక్కలు పెడతారు. చుక్క ఎంత పైన ఉంటే స్వరం అంత ఎత్తు, చుక్క ఆకారాన్ని బట్టి అది ఎంతసేపు నిలవాలో తెలుస్తుంది. తాళం ఆవర్తాలను నిలువు గీతలు విడదీస్తాయి. ఎత్తునూ కాలాన్నీ ఇది కచ్చితంగా చెబుతుంది. ఒక స్వరం నుంచి మరో స్వరానికి ఎలా నడిచి వెళ్ళాలో మాత్రం అంత బాగా చెప్పలేదు. మన సంగీతం ప్రాణం అంతా ఆ నడకలోనే ఉంది.

ఈ సమస్యను మార్గరెట్ కన్నా ముందే మనవాళ్ళు ఎదుర్కొన్నారు. 1893లో మద్రాసులో ఎ.ఎం. చిన్నస్వామి మొదలియార్ కర్ణాటక కీర్తనలను యూరోపియన్ స్వరలిపిలో అచ్చువేశారు. ఆ పనికి తోడ్పడిన సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' వెలువరించారు. అది తెలుగు లిపిలో, తెలుగు భాషలో వచ్చిన గ్రంథం. అందులో సరిగమలతో పాటు ఒక్కో గమకానికి ఒక్కో గుర్తు పెట్టారు. పాశ్చాత్య లిపిలో ఉన్న కచ్చితత్వాన్ని చూసి, అందులో లేని గమకాన్ని మన లిపికి చేర్చుకున్న తీరు గొప్పది. నన్నడిగితే స్వరలేఖన చరిత్రలో మన భాషకు దక్కిన అత్యున్నత గౌరవం ఈ పుస్తకమే. సంగీతం చదవని తెలుగువాళ్ళు కూడా దీని పేరు తెలుసుకోవాలి.

దీనికి ఎదురుదిశలో జరిగిన ప్రయాణం కూడా ఉంది. ముత్తుస్వామి దీక్షితులు మద్రాసు దగ్గర ఇంగ్లీషు బ్యాండు బాణీలు విని, వాటికి సంస్కృత సాహిత్యం కూర్చారు. వాటినే నొట్టుస్వరాలు అంటాం. 'నోటు' అనే మాట అలా మన సంగీతంలో చేరింది. అవన్నీ శంకరాభరణ స్వరాల్లో, గమకాలు లేకుండా నడుస్తాయి.

ఇప్పుడు 'జన గణ మన' దగ్గరికి రండి. మీ ఇంట్లోనో, ఊరి భజనమందిరంలోనో హార్మోనియం ఉంటే ముందుపెట్టుకోండి. తెల్లమెట్ల మీద షడ్జమం నుంచి మొదలుపెట్టండి. పాట స, రి మీదుగా గాంధారానికి ఎక్కి, అక్కడే చాలాసేపు నిలబడుతుంది. దాదాపు పాటంతా తెల్లమెట్ల మీదే నడుస్తుంది, అంటే మన శంకరాభరణ స్వరాలు. హిందుస్తానీవాళ్ళు దీన్ని అల్హయ్యా బిలావల్ ఛాయగా చెబుతారు. మధ్యలో ఒకచోట మాత్రం ప్రతి మధ్యమం తొంగిచూస్తుంది, అప్పుడు ఒక నల్లమెట్టు తాకవలసి వస్తుంది. ఒక్కో అక్షరానికి ఒక్కో స్వరం, పెద్ద గమకాలు లేవు, ఎనిమిది మాత్రల సూటి నడక. పియానో చేతికి ఇంత చక్కగా ఒదిగే బాణీ ఠాగూర్ పాటల్లోనూ తక్కువే. బెంగాలీ కీర్తన పద్ధతిలో గొంతు ఊగుతూ సాగే ఆయన పాటల్లో ఏదైనా ఆ సాయంత్రం పాడి ఉంటే, మార్గరెట్ కలం చాలాచోట్ల ఆగిపోయేది.

అయితే బాణీ సులువైనదైనా, రాసేవాళ్ళు నిర్ణయాలు తీసుకోక తప్పదు. గాయకుడు ఒక్కోసారి ఒక్కోలా పాడతాడు. యాభై ఏడేళ్ళ వయసులో, ప్రయాణపు బడలికలో ఉన్న కవి గొంతులో ఏ చిన్న ఊపు బాణీలో భాగం, ఏది అప్పటికప్పుడు వచ్చింది? ఏ స్వరాన్ని ఒక మాత్ర నిలపాలి, దేన్ని ఒకటిన్నర? తనకు రాని భాషలో పదం ఎక్కడ విరుగుతుంది? వీటికి జవాబు చెప్పుకోకుండా ఒక్క చుక్క కూడా పెట్టలేం. అందుకే స్వరలేఖకుడిది గుమాస్తా పని కాదు. బాణీని సృష్టించకపోయినా, అది పదిమందికీ ఒకే రూపంలో అందేలా చూసేది అతనే. మార్గరెట్ డబ్లిన్‌లో నేర్చిన చదువు ఈ పనికి తగినది. రాసేదాన్ని సరిచూసి ఒప్పుకోవడానికి బాణీ కట్టిన మనిషి ఎదురుగానే ఉండడం ఆమె అదృష్టం. చిన్నస్వామి మొదలియార్‌కు త్యాగరాజస్వామి విషయంలో ఆ అవకాశం లేదు.

ఆ తరవాత పాట నడిచిన దారి

మార్గరెట్ రాసిన స్వరలిపినే దేశమంతా నేటికీ అనుసరిస్తున్నదని కూడా అంటారు. ఇక్కడ కొంచెం జాగ్రత్త అవసరం. 1942 సెప్టెంబరు 11న జర్మనీలోని హాంబర్గులో, సుభాస్ చంద్రబోస్ సమక్షంలో వాద్యబృందం ఈ పాటను స్వతంత్ర భారత గీతంగా వాయించింది. 1947లో న్యూయార్కులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశాల సందర్భంగా మన ప్రతినిధి బృందాన్ని జాతీయ గీతం అడిగారు. వాళ్ళ దగ్గర 'జన గణ మన' గ్రామఫోను రికార్డు ఒకటి ఉంది. దాన్ని అక్కడి వాద్యబృందానికి ఇస్తే, వాళ్ళు సాధన చేసి వాయించారు, అందరూ మెచ్చుకున్నారు. ఈ సంగతి 1948 ఆగస్టులో నెహ్రూ రాజ్యాంగ పరిషత్తులో చెప్పారు. బ్యాండ్లు, వాద్యబృందాలు వాయించడానికి వీలుగా ఉండటం ఈ పాట ఎంపికకు ఒక ముఖ్య కారణం అన్నారు. బి.బి.సి.లో పనిచేసిన హెర్బర్ట్ మరిల్ తరవాత దీనికి వాద్యబృంద రూపం సమకూర్చాడు. 1950 జనవరి 24న ఇది అధికారికంగా జాతీయ గీతం అయింది. మొదటి చరణాన్ని సుమారు 52 సెకన్లలో పాడడం నియమం.

న్యూయార్కులో అక్కరకు వచ్చింది కాగితం కాదు, రికార్డు అన్నది గమనించండి. మదనపల్లె ప్రతి అప్పటికి అందరి చేతుల్లో ఉండి ఉంటే రికార్డు విని సాధన చెయ్యవలసిన పని ఉండేది కాదు. కనక పాట ఒకే తొట్టి నుంచి కాక, అనేక పాయలుగా దేశంలోకి పారిందని చెప్పడం సబబు. శాంతినికేతన్ గాయకులు ఒక పాయ, కాంగ్రెస్ సభలు ఒక పాయ, గ్రామఫోను ఒక పాయ. వాటిలో మదనపల్లె ఒకటి. అయితే ఒక మాట చెప్పుకోవాలి. ఈ బాణీని ఐదు గీతల మీద పెట్టవచ్చని, పరాయి సంగీతం చదివినవాళ్ళు కూడా దీన్ని పట్టుకోగలరని కవి సమక్షంలోనే చూపించిన చోటు ఇది. 1948లో నెహ్రూ లెక్కలోకి తీసుకున్న గుణం కూడా సరిగ్గా అదే.

ఉపాధ్యాయినిగా

ఠాగూర్ వెళ్ళిపోయాక మార్గరెట్ ఎక్కువకాలం మదనపల్లెలో ఉండలేదు. 1919-20లో మంగళూరు జాతీయ బాలికల పాఠశాలకు తొలి ప్రధానోపాధ్యాయినిగా పనిచేశారు. 1920ల తొలినాళ్ళలో మద్రాసులో గౌరవ మేజిస్ట్రేటు అయ్యారు. దేశంలో ఆ పదవి పొందిన తొలి మహిళ ఆమే. అప్పటికే 1917 డిసెంబరు 18న సరోజినీ నాయుడు నాయకత్వాన భారత మంత్రి మాంటేగును కలిసి స్త్రీలకు ఓటు హక్కు కోరిన బృందాన్ని కూర్చింది కూడా మార్గరెటే. 1921లో బ్రిటిషు రాష్ట్రాలన్నిటికన్నా ముందు మద్రాసు రాష్ట్రం ఆ హక్కు ఇచ్చింది. 1927 జనవరిలో పూనాలో మొదలైన అఖిల భారత మహిళా సభకు పిలుపు వెళ్ళింది ఆమె కలం నుంచే. మొదట్లో ఆ సభ చర్చించినది ఆడపిల్లల చదువు గురించే.

ఈ రాజకీయ కార్యక్రమాల జాబితా చూసి, సంగీతం ఆమె జీవితంలోంచి తప్పుకుందని అనుకోకండి. ఆనాటి దక్షిణదేశంలో సభలో పాడే స్త్రీలు దాదాపు అందరూ దేవదాసీ, కళావంతుల కుటుంబాలవారే. తక్కిన ఇళ్ళలో ఆడపిల్లకు నాలుగు కీర్తనలు నేర్పేది పెళ్ళిచూపుల కోసం. నాలుగు గోడలు దాటితే గొంతు విప్పకూడదు. పాటలో తరతరాల విద్య ఉన్నవాళ్ళకు గౌరవం లేదు, గౌరవం ఉన్న ఇళ్ళవాళ్ళకు పాడే స్వేచ్ఛ లేదు. ఐర్లండులో సంగీతాన్ని పరీక్ష రాసి, పట్టా తెచ్చుకునే చదువుగా చూసిన మనిషికి ఈ పరిస్థితి ఎలా కనిపించి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. సంగీతం బడిలో, కళాశాలలో పాఠ్యాంశం కావాలని ఆమె వాదించారు. దాని ఫలం మాత్రం అందరికీ సమానంగా అందలేదు. సంగీతం బడికి వచ్చాక అగ్రవర్ణ కుటుంబాల ఆడపిల్లలు సభ ఎక్కారు, కళావంతుల వాళ్ళు నెమ్మదిగా సభ దిగారు. ఈ మార్పుకు మార్గరెట్ ఒక్కరే కారణం కారు. కానీ ఆమె తరం సంస్కర్తలందరినీ అంచనా వేసేటప్పుడు ఈ రెండో సగాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

1932 చివరలో ప్రభుత్వ ఆర్డినెన్సులకు వ్యతిరేకంగా మద్రాసులో మాట్లాడినందుకు ఆమెకు ఏడాది శిక్ష పడింది. ఉంచింది రాయవేలూరు జైలులో, పలమనేరు నుంచి చిత్తూరు దాటితే వచ్చే ఊరే. ఐర్లండులో, ఇంగ్లండులో, భారతదేశంలో, మూడు చోట్లా ఒకే ప్రభుత్వం ఆమెను జైల్లో పెట్టింది. 1933లో విడుదలయ్యారు. ఆ రోజుల్లోనే జేమ్స్ మళ్ళీ మదనపల్లె కళాశాల ప్రిన్సిపాల్‌గా వచ్చాడు. 1935లో ఆమె సంగీత వ్యాసాలు 'ది మ్యూజిక్ ఆఫ్ ఓరియంట్ అండ్ ఆక్సిడెంట్' పేరుతో మద్రాసులో పుస్తకంగా వచ్చాయి. ప్రాచ్య, పాశ్చాత్య సంగీతాలు ఒకదాన్నొకటి అర్థం చేసుకునేందుకు చేసిన ప్రయత్నం అని ఉపశీర్షికలోనే చెప్పుకున్నారు. ఒకదాన్ని ఇంకొకదానిలో కలిపెయ్యాలనే ధోరణి ఆమెది కాదు. పియానో వాయించే మనిషి అయినా, భారతీయ సంగీతానికి హార్మనీ లేకపోవడం లోటు అనలేదు. ఆ కాలపు యూరోపియన్లలో ఇది అరుదు.

1940ల నడుమ పక్షవాతం వచ్చి ఆమె మంచాన పడ్డారు. స్వాతంత్ర్యం తరవాత మద్రాసు ప్రభుత్వం, నెహ్రూ ఆమె సేవలను గుర్తించి ఆర్థికసహాయం అందించారు. 'జన గణ మన' జాతీయ గీతమైన 1950లోనే దంపతులిద్దరూ కలిసి రాసిన ఆత్మకథ 'వుయ్ టూ టుగెదర్' మద్రాసులో అచ్చయింది. అధ్యాయాలు ఒకసారి ఆయనవి, ఒకసారి ఆమెవి. మార్గరెట్ 1954 మార్చి 11న మరణించారు. జేమ్స్ 1956 ఫిబ్రవరిలో మదనపల్లెలోనే కన్నుమూశాడు. ఢిల్లీలో అఖిల భారత మహిళా సభ కేంద్ర కార్యాలయంలోని గ్రంథాలయానికి మార్గరెట్ కజిన్స్ పేరే పెట్టారు.